మూసారాంబాగ్ నుంచి ఆటోనగర్ దాకా లేడీస్ సైకిల్ మీద

మొత్తం దూరం పదకొండు కిలోమీటర్లు. పట్టిన సమయం రెండు గంటల ఇరవై నిమిషాలు. దీన్ని యాత్ర అంటున్నానని మా ఆవిడ రాజ్యలక్ష్మి ఇప్పటికీ నవ్వుతోంది. హిమాలయాలకు వెళ్లొచ్చినవాళ్లు కూడా నా అంత ఆయాసపడి ఉండరని నా అభిప్రాయం. ఎవరైనా అదే దారిలో సైకిల్ మీద వెళ్లాలనుకుంటే పనికొస్తుందని టైములతో సహా రాస్తున్నాను.

ముందు నా గురించి చెప్పాలి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇరవై ఒక్క ఏళ్లుగా మూసారాంబాగ్‌లో కారు డ్రైవింగ్ నేర్పుతున్నాను. నేర్చుకునేవాళ్లు కుడివైపు స్టీరింగ్ దగ్గర కూర్చుంటే, నేను ఎడమ సీట్లో కూర్చుంటాను. నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. వాళ్లు భయపడి చేతులెత్తేస్తే నేను తొక్కడానికి.

మూడు వారాల కిందట ఒకరోజు తెల్లవారుజామున కిరణ్ అనే కొత్త కుర్రాడికి కొత్తపేట రోడ్డు మీద నేర్పుతున్నాను. ముందు ఒకావిడ సైకిల్ తొక్కుకుంటూ వెళ్తోంది. "సార్, సైకిల్ ఉంది, ఆపనా?" అన్నాడు కిరణ్. "ఆపడమెందుకు? హారన్ కొట్టు, అదే జరుగుతుంది" అన్నాను. గట్టిగా కొట్టాడు. ఆవిడ జరగలేదు. తూలి మా వైపుకే వచ్చింది. మా కారు అద్దం సైకిల్ హ్యాండిల్‌కి తగిలింది. ఆవిడ పడిపోయింది.

ఆవిడ పేరు సైదమ్మ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. దవాఖానకు తీసుకెళ్లాం. కుడి మణికట్టు ఎముక చిట్లిందన్నారు, కట్టు కట్టారు. అక్కడినుంచే హాస్టల్ మేడమ్‌కి నేనే ఫోన్ చేసి, "మీ వంటావిడ సైకిల్ తూలి మా కారుకి అడ్డం వచ్చిందండీ" అని చెప్పాను. ఇంట్లోనూ అదే చెప్పాను. నాలుగుసార్లు చెప్పాక నాకే నిజమనిపించింది.

సైకిల్ వెనక చక్రం వంకర పోయింది. బాగుచేయించి ఇంటికి పంపిస్తానని మాటిచ్చి, మూసారాంబాగ్‌లో తెలిసిన షాపులో వేశాను. తర్వాత మర్చిపోయాను. శుక్రవారం సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది. "సారు, కట్టు విప్పిండ్రు. సైకిల్ ఎప్పుడు తెస్తరు?"

శనివారం ఉదయం షాపు దగ్గరికి వెళ్లాను. సైకిల్ నా కారులో పట్టలేదు. వస్తానన్న ట్రాలీ ఆటో రాలేదు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఎంత దూరమని, నేనే తొక్కుకుంటూ వెళ్తాను."

షాపు ముసలాయన నన్ను కింది నుంచి పైకి చూశాడు. "సార్, ఇది ఆడోళ్ల సైకిల్. సీటు పైకి లేపాల్నా?"

"అక్కర్లేదు. చిన్నప్పుడు తెనాలికి రోజూ సైకిల్ మీదే వెళ్లేవాణ్ణి."

"చిన్నప్పటి సంగతి వేరే గద సార్" అన్నాడు. నేను వినలేదు. ఈ దారిన వెళ్లేవాళ్లకి మొదటి సలహా: సీటు లేపించుకోండి.

ఎనిమిదీ ఇరవైకి బయల్దేరాను. గులాబీ రంగు సైకిల్, ముందు బుట్ట, బుట్టకి ప్లాస్టిక్ చామంతిపూలు. నాకు యాభై మూడేళ్లు, కాస్త పొట్ట. తొక్కిన ప్రతిసారీ మోకాలు హ్యాండిల్‌కి తగిలి, చెయ్యి జారి, బెల్లు దానంతటదే మోగింది. మెట్రో స్టేషన్ కింద పూలమ్మే ఆవిడ రెండుసార్లు పక్కకి జరిగి, మూడోసారి "పోతే పో సార్, ఎన్నిసార్లు కొడ్తవ్!" అంది.

ఎనిమిదీ నలభైకి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు. అక్కడ నాకు మొదటి పాఠం దొరికింది. క్లాసులో నేను బోర్డు మీద గీసి చెప్తాను, రోడ్డుకి ఎడమ అంచు సైకిళ్ల వాళ్లదని. ఆ అంచు కోసం వెతికాను. ఎడమ అంచులో మొదట ఆగి ఉన్న స్కూటర్లు, తర్వాత జామకాయల బండి, తర్వాత కుంగిపోయిన మ్యాన్‌హోల్ మూత, ఆ తర్వాత రాంగ్ రూట్లో నాకెదురుగా వస్తున్న బైకు. బైకు మీద ఉన్నతను నావైపు కోపంగా చూశాడు, తప్పు నాదైనట్టు. కుడికి జరిగితే బస్సు. బస్సు నా పక్కనుంచి వెళ్తుంటే దాని వేడి నా చెంపకి తగిలింది.

వెనక నుంచి ఒక ఆటో అతను అరిచాడు. "ఓ పెద్దాయనా! లెఫ్ట్‌కి పో, లెఫ్ట్‌కి!"

"లెఫ్ట్ ఎక్కడుంది బాబూ?" అన్నాను.

"నాకేం ఎరుక? నేను సైకిల్ తొక్కుతున్ననా?" అని వెళ్లిపోయాడు.

తొమ్మిదీ అయిదుకి చైతన్యపురి. మెట్రో పిల్లర్ నీడలో సైకిల్ ఆపి టీ తాగాను. పదిహేను రూపాయలు. టీ కొట్టు అతను అడిగాడు. "బిడ్డ సైకిలా సార్?"

"కాదు, తెలిసినావిడది."

అతను ముసిముసిగా నవ్వి గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. ఆ జవాబు ఎట్లా వినిపించిందో నాకు టీ అయిపోయాక గానీ తట్టలేదు.

తొమ్మిదీ ఇరవైకి కొత్తపేట చేరాను. సైదమ్మ పడిన చోటికి ఇంకా వంద గజాలుంది. సరిగ్గా అప్పుడే నా వెనక హారన్ మోగింది.

హారన్ గురించి నాకు అంతా తెలుసనుకునేవాణ్ణి. కారు లోపల కూర్చున్నవాడికి అది ఒక చిన్న మాట, జరుగు అన్నట్టు. సైకిల్ మీద ఉన్నవాడికి అది వీపులోంచి దూరి గుండెలో పేలుతుంది. నేను ఉలిక్కిపడి తల కుడివైపుకి తిప్పి వెనక్కి చూశాను. తల కుడికి తిరిగితే భుజం తిరిగింది. భుజం తిరిగితే హ్యాండిల్ తిరిగింది. జరగాల్సింది ఎడమకి, నేను మాత్రం నేరుగా కారు ముందుకి పోతున్నాను. ఎట్లాగో కాలు కింద పెట్టాను. కారు అద్దం నా మోచేతిని రాసుకుంటూ పోయింది. మోకాలు పెడల్‌కి గీరుకుని రక్తం వచ్చింది.

కారు కాస్త ముందుకెళ్లి ఆగింది. ఒకావిడ పరుగెత్తుకుంటూ దిగి వచ్చింది. దగ్గరికి వచ్చి, నన్నూ సైకిల్నీ బుట్టనీ చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "మాస్టారూ! మీరా?"

మాధవి. రెండేళ్ల కిందట నా దగ్గర నేర్చుకుంది. మొదటిసారికే లైసెన్సు తెచ్చుకున్న అమ్మాయి.

"ఇంత దగ్గర్నుంచి ఎట్లా వెళ్తారమ్మా?" అన్నాను.

"హారన్ కొట్టాను కదా మాస్టారూ. మీరే నేర్పారుగా, సైకిల్ కనిపిస్తే స్లో చెయ్యక్కర్లేదు, ముందే గట్టిగా కొడితే అదే జరుగుతుందని." ఆ అమ్మాయి గొంతులో ఎగతాళి లేదు. పాఠం బాగా గుర్తుందని చెప్తోంది, అంతే.

నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది తిరుగుతున్నారో అని లెక్కేయబోయి ఆపేశాను. "అది తప్పమ్మా. తప్పు నేర్పాను" అన్నాను. "స్లో చెయ్యాలి. ఒక మనిషి చెయ్యి చాపినంత దూరం వదిలి వెళ్లాలి. చోటు లేకపోతే వెనకే ఆగాలి."

"అట్లా ఆగితే నా వెనకాలవాళ్లు నన్ను కొడతారు హారన్."

"కొట్టనీ."

మాధవి నావైపు జాలిగా చూసింది. దెబ్బ తలకి తగిలిందేమోనని అనుమానపడినట్టుంది. మంచినీళ్ల సీసా ఇచ్చి, దవాఖానకి తీసుకెళ్తానంది. వద్దన్నాను. ఆ అమ్మాయి వెళ్లాక చాలాసేపు ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. సైదమ్మ తూలి అడ్డం వచ్చిందని నేను చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఇంకా సిగ్గేసింది. హారన్ కొట్టించి తూలేట్టు చేసి, తూలిందని చెప్పాను. బ్రేకు నా కాలి కిందే ఉంది. కాలు కదపడానికి ఒక్క క్షణం చాలు. జరుగుతుందిలే అని కదపలేదు.

తొమ్మిదీ యాభైకి ఎల్బీనగర్ చౌరస్తా. పైన ఫ్లైఓవర్లు, కింద అండర్‌పాస్, మధ్యలో నేను. పైకెళ్తే పక్కకి తప్పుకునే చోటు లేదు. కింద ఉంటే నాలుగు వైపుల నుంచీ బస్సులు. యాత్రికుడిగా నిజాయితీగా చెప్తున్నాను, ఇక్కడ నేను సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లాను. దిగితే పరువు పోతుందనుకున్నాను గానీ, పోవడానికి అప్పటికి పెద్దగా మిగల్లేదు. నల్లగొండ బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దావిడ రోడ్డు దాటడానికి నాతోపాటు వచ్చింది. సైకిల్‌ని మా ఇద్దరికీ అడ్డంగా పట్టుకుని, చెయ్యెత్తి, ఒక బస్సుని ఆపించింది. "ఆగకపోతే ఆపాలె బిడ్డా, ఊకె చూస్తే ఆగుతరా" అంది. ఇరవై ఒక్క ఏళ్లు ట్రాఫిక్ నేర్పినవాణ్ణి ఆవిడ వెనకాలే గంతులేసుకుంటూ దాటాను.

చింతలకుంట దాటాక రోడ్డు వెడల్పయింది, లారీలు పెరిగాయి. ఎండ కూడా. వనస్థలిపురం దగ్గర రెండో నీళ్ల సీసా కొన్నాను. పదీ నలభైకి ఆటోనగర్‌లో, లారీల షెడ్ల వెనక సందులో, సైదమ్మ కిరాయికి ఉండే గది ముందు ఆగాను. ఆగాను అంటే, దిగలేక గోడకి ఆనుకున్నాను.

సైదమ్మ బయటికొచ్చి చూసి పకపకా నవ్వింది. నలభై ఏళ్లుంటాయేమో. ఎడమ చేత్తో సైకిల్ పట్టుకుని నన్ను దింపింది. "అయ్యో సారూ, దీని మీద ఒచ్చిన్రా? ఫోన్ చేస్తే నేనే ఒస్తుంటి గద!"

మజ్జిగ ఇచ్చింది. మోకాలికి పసుపు రాసుకోమంది. అడగాలని ఎప్పట్నుంచో ఉన్న మాట అడిగాను. "ఆడవాళ్లకి బస్సు ఫ్రీయే కదమ్మా. ఈ రోడ్డు మీద సైకిలెందుకు?"

"అయిదు గొట్టంగ పొయ్యి ముట్టియ్యాలె సారు. పిల్లలు ఆరింటికి క్లాసులకు పోతరు. నాకు కావల్సిన టైముకు బస్సు దొరకది." సైకిల్ బుట్ట కొంగుతో తుడుస్తూ చెప్పింది. "ఇగ గా పని గుడ లేదు. మేడం సోమారం నుంచి వేరేటామెను పెట్టుకుంటదట. సైకిల్ సక్కగ తొక్కరాదు, రేపు నువ్వు యాడనన్న పడి సస్తే నా మీదికొస్తది అన్నది. ఆరేండ్ల సంది తొక్కుతున్న. ఒక్కనాడు పడలే."

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. మేడమ్‌కి నేను చెప్పిన ఒక్క వాక్యం అక్కడిదాకా వెళ్లింది.

"సైదమ్మా, ఆ రోజు హారన్ కొట్టమన్నది నేనే. నువ్వు తూలింది దానికే. నా దగ్గర బ్రేకు ఉంది. తొక్కలేదు" అన్నాను.

ఏడుస్తుందనో, తిడుతుందనో అనుకున్నాను. ఆవిడ విసుక్కుంది. "గది నాకెందుకు చెప్తున్రు? పడ్డదాన్ని, నాకెరుక లేదా? మేడానికి చెప్పుండ్రి."

ఫోన్ తీశాను. మా ఇంటి సందులోనే ఉంటారు ఆ మేడమ్. వాళ్లమ్మాయిని నా దగ్గర చేర్పిస్తానని కిందటి నెలే మాటిచ్చారు. అది గుర్తొచ్చి, సిగ్నల్ లేదని చెబుదామా అని కూడా ఒక క్షణం అనిపించింది. సైదమ్మ నా ఎదుటే నిలబడి చూస్తోంది. స్పీకర్ పెట్టమంది. పెట్టాను.

"అదేంటండీ, ఆవిడే అడ్డం వచ్చిందని మీరే చెప్పారుగా?" అన్నారు మేడమ్, నేనంతా చెప్పాక.

"తప్పు చెప్పానండీ. నన్ను కాపాడుకోడానికి చెప్పాను."

"మా అమ్మాయిని మీ దగ్గరికే పంపిద్దామనుకుంటున్నానండీ నేను" అన్నారు మేడమ్.

"పంపించండి. ఇప్పుడైతే బాగా నేర్పుతాను" అన్నాను. చెప్పేశాక గానీ అది ఎంత దరిద్రంగా ఉందో తెలియలేదు.

"ఆ సంగతి తర్వాత చూద్దాం లెండి. సైదమ్మ చెయ్యి ఎట్లా ఉంది? చపాతీలు చెయ్యగలదా?"

"చేస్త మేడం! మంచిగైంది!" అని సైదమ్మ నా చేతిలో ఫోన్ దగ్గరికి వంగి అరిచింది. సోమవారం రమ్మన్నారు. వాళ్లమ్మాయి మాత్రం వేరే డ్రైవింగ్ స్కూల్లో చేరిందని తర్వాత తెలిసింది.

నేను బయల్దేరుతుంటే సైదమ్మ సైకిల్ ఎక్కి సందు చివరిదాకా తొక్కి చూసుకుంది. చక్రం సరిగ్గానే తిరుగుతోంది. "సీటు గింత కిందికుంటే మీరెట్ల తొక్కిన్రు సారూ?" అని మళ్లీ నవ్వింది.

పన్నెండూ పదికి దిల్‌సుఖ్‌నగర్ వైపు బస్సు దొరికింది. బస్సంతా ఆడవాళ్లే, వెనక సీట్లో ఒక్క ఖాళీ. పక్కన చేతిలో పనిముట్ల సంచితో ఒకాయన. వనస్థలిపురం దాటాక బస్సు ఉన్నట్టుండి నెమ్మదించింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. కిటికీలోంచి చూస్తే, గ్యాస్ సిలిండర్ కట్టుకున్న సైకిల్, దాని మీద బక్కపల్చటి మనిషి, అంచు కోసం వెతుక్కుంటూ.

"గీ సైకిలోళ్లతోటే పరేషాన్ సార్" అన్నాడు పక్కాయన నాతో. "అసలు మెయిన్ రోడ్డు మీదికి రానియ్యొద్దు. హారన్ కొడ్తే గుడ జరగరు."

సరిగ్గా నా మాటలే. అవి నా నోట్లోంచి ఎన్నిసార్లు వచ్చాయో నాకే తెలియదు. పోట్లాడదామనిపించింది గానీ, సైకిల్ తరఫున మాట్లాడటానికి నాకున్న అనుభవం ఒక్క పూట.

"మీరెక్కడ దిగుతారు?" అని అడిగాను.

"మలక్‌పేట."

"అయితే బాగా టైముంది" అని ప్యాంటు పైకి లాగి, పసుపు రాసిన మోకాలు చూపించి, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.