ఆయన చేతివాసి

పాత కార్ల అద్దాలకు రబ్బరు వేయించాలంటే ప్రొద్దుటూరులో మా మామ చేతివాసే చేతివాసి అంటారు. మామ అంటే నా మొగుడే. మా అమ్మకు సొంత తమ్ముడు, నన్నే చేసుకున్నాడు. పులివెందుల నుంచి, జమ్మలమడుగు నుంచి అంబాసిడర్లు తోలుకొని వస్తారు. ఆ చెయ్యి పడితే వానచుక్క లోపలికి దూరదంట. దూరదు, నిజమే. కానీ ఆ చెయ్యి నాది.

నాలుగేండ్ల కిందట చక్కెర జబ్బుతో ఆయన వేళ్ళకు స్పర్శ పోయింది. టీ గ్లాసు కాలుతాందో లేదో కూడా తెలీదు. ఈ పనికేమో వేళ్ళే కండ్లు. రబ్బరును అద్దం చుట్టుకొలత కంటే ఒక వేలెడు పొడుగు కోయల్ల. పీకి సాగదీసి సరిపెట్టినామా, రెండు ఎండాకాలాలకు ముడుచుకొని అతుకు కాడ నోరు తెరుస్తాది. కోసింది అద్దానికి తొడిగి, దాని గాడిలో చుట్టూ నైలాన్ తాడు పెట్టి, సబ్బునీళ్ళు పూసి, బయట నుంచి ఒకరు అద్దాన్ని బండికి ఆనించి పట్టుకోవల్ల. లోపల కూర్చున్నోళ్ళు తాడు కొంచెం కొంచెం లాగుతా వస్తే రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కి కూర్చుంటాది. బిర్రున లాగితే చినుగుతాది, మెత్తగా లాగితే ఎక్కదు. కోసేది నేను, లోపల కూర్చొని లాగేది నేను. బయట నిలబడి అద్దం పట్టుకునేది ఆయన. పేరు కూడా ఆయనదే.

చెప్తే ఏమైతాది మామా అని ఎన్నిసార్లు అడిగినానో. నా చెయ్యి పోయిందని తెలిస్తే ఒక్క బండన్నా మన గడప కాడికి వస్తాదా అంటాడు. అదీ నిజమే. మింగలేక కక్కలేక నాలుగేండ్లు గడిపినా.

పోయిన ఎండాకాలం జమ్మలమడుగు గుడ్డలంగడి షావుకారు వాళ్ళ నాయన నాటి అంబాసిడర్ తెచ్చి మా షెడ్డు ముందర విడిచిపోయినాడు. ఈ ముందరద్దం ఇప్పుడు యాడా దొరకదు, నువ్వు తప్ప ఇంకొకరు చెయ్యి పెట్టినారంటే బండి వెనక్కి తోలుకుపోతా అని మరీ చెప్పిపోయినాడు. సాయంత్రం వస్తానన్న మనిషి మధ్యాన్నమే దిగినాడు. నేనప్పుడే తాడు ఆఖరి జానెడు లాగేసి బండి లోపల ఊపిరి పీల్చుకుంటాంటి. తలుపులకు కొత్త రబ్బర్లు వేసేదానికి ఊడదీసిన లోపలి పిడులు ఇంకా బిగించలే. అద్దాలన్నీ పైకి ఎక్కించే ఉండాయి. బయట నుంచి ఎవరన్నా తీస్తేనే తలుపు వచ్చేది. మామ గబుక్కున తలుపు మూసి, పండుకో అని చేత్తో సైగ చేసినాడు.

వెనక సీటు ముందర కాళ్ళు పెట్టుకునే చోట ముడుచుకొని పండుకున్నా. రెండు మాటలు మాట్లాడి పోతాడులే అనుకున్నా. యాడ పోయేది! షావుకారు కుర్చీ వేయించుకున్నాడు. వాళ్ళ నాయన ఈ బండి ఎట్ల కొన్నాడో, దీంట్లో ఎవరెవరిని ఎక్కించుకొని తిప్పినాడో మొదట్నుంచి ఎత్తుకున్నాడు. బండేమో మిట్టమధ్యాన్నం ఎండలో ఉండాది. తల కొంచెం ఎత్తితే అద్దం మూలలోంచి ఇద్దరూ కనబడతాండ్రి. మామ ఒకటికి రెండుసార్లు బండి దిక్కు చూసినాడు, చూసి షావుకారుకు ఇంకో టీ పోసినాడు.

చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. అప్పుడు షావుకారు పైపు పెట్టి నీళ్ళు కొట్టి చూపించమన్నాడు. నెత్తిన అంత నీళ్ళు దబదబ పడతాంటే లోపల నా నాలుక పిడచకట్టుకుపోయింది. ఒక్క చుక్క దూరలే. నా పనితనం మంటగలవ అని తిట్టుకున్నా. అంత ఏడుపులోనూ, చుక్క దూరలేదని లోపల కొంచెం సంబరమైంది, సిగ్గులేని మనసు. షావుకారు మామ రెండు చేతులూ పట్టుకొని ఊపుతాండాడు. నాకు కండ్లు బైర్లు కమ్మినాయి. పేరు పోతే పోయింది, ప్రాణం పోతే ఎవరిస్తారు అని లేచి పిడికిళ్ళతో అద్దం బాదినా. ముందు ఎవరికీ వినపడలే, అంత బాగా వేసినా రబ్బర్లు.

మామే ఉరికొచ్చి తలుపు తీసినాడు. గాలి మొగానికి కొట్టేసరికి తూలి తలుపు పట్టుకున్నా. షావుకారు బిత్తరపోయి, ఎవరప్పా ఈమె, లోపల ఏం చేస్తాంది అని అడిగినాడు.

మామ నా మొగం చూసినాడు. ఇప్పుడన్నా చెప్తాడు, నన్ను ఇట్ల చూసినాక చెప్పక యాడికి పోతాడు అనుకున్నా. గంటసేపు ఆయన పేరు కోసం నోరు మూసుకొని పండుకున్నదాన్ని, చెప్పు మామా, నీ పెండ్లామే వేసిందని ఒక్క మాట చెప్పు అని ఆయన నోటి దిక్కే చూస్తాంటి.

"మా ఇంటామెలే అన్నా. సీట్లు తుడుస్తాండె."

షావుకారు కుదుటపడినాడు. బండ్లోకి వంగి ముందరద్దం చుట్టూ ఒకసారి చూసుకొని, నా తట్టు తిరిగి శానా మర్యాదగా చెప్పినాడు.

"తుడుస్తే తుడిచినావు గాని, ఆ రబ్బరు మాత్రం ముట్టుకోవద్దమ్మా."

"ముట్టుకోదులే" అన్నాడు మా మామ.