పైడమ్మ చూసిన పిట్ట

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నలుగురూ మెచ్చుకునే అబద్ధం అది. మెచ్చుకున్న ప్రతిసారీ ఇంకాస్త బరువెక్కుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఒడిశాలోని జయపురంలో మాది కిరాణా హోల్‌సేల్ కొట్టు. మా తాత విజయనగరం వైపు నుంచి వచ్చి పెట్టాడు. కొట్టు తెరిచేది తొమ్మిదింటికి. ఐదున్నరకల్లా నేను బైనాక్యులర్స్ మెడలో వేసుకుని ఊరి చివర చిత్తడి గట్టు మీద ఉంటాను. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. అనుకున్నా ఫరవాలేదు. నాలాంటి చూపు ఉన్నవాడు ఈ జిల్లాలో లేడు. తుంగ కదిలిన తీరు చూసి లోపల ఉన్నది నీటికోడో, జెముడుకాకో చెప్పేస్తాను. భువనేశ్వర్ నుంచి పెద్ద పెద్ద కెమెరాలతో వచ్చేవాళ్లు కూడా ముందు నన్ను అడిగి, ఆ తరవాతే నీళ్ల వైపు చూస్తారు. ఆ గర్వం నాకుంది. ఈ మాటలు రాస్తున్నప్పుడు కూడా ఉంది. ఏం చెయ్యను?

పిట్టల్ని చూడ్డానికి తిరిగే మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా చూశానంటే చూసినట్టే. సాక్ష్యం అడగరు. కొత్త పిట్ట కనిపిస్తే దాని పక్కన మొదట చూసినవాళ్ల పేరు రాస్తారు, ఆ పేరు ఇక అలాగే ఉండిపోతుంది. పొద్దున్నే ఒంటరిగా బురదలో తిరిగే మనుషులం, ఒకరి మాట ఒకరు నమ్మకపోతే మా పనే లేదు. నేను దెబ్బకొట్టింది ఆ నమ్మకాన్నే.

తొమ్మిదేళ్ల కిందట వానాకాలంలో, చిత్తడి సగం పూడ్చి లారీలు నిలుపుకునే చోటు చేస్తారని ఊళ్లో అనుకున్నారు. అరుదైన పిట్ట గూడు పెట్టిందని చూపిస్తే ఆగుతుందన్నారు మా వాళ్లు. నేను పట్టుబట్టి వెతికింది రంగుల ఉల్లంకి కోసం. కంటి చుట్టూ తెల్లటి గీత, ముదురు ఎరుపు మెడ. మనిషి అలికిడైతే చాలు, కదలకుండా బురదలో కలిసిపోతుంది. నెల రోజులు వెతికాను. ఈక కూడా కనపడలేదు.

పైడమ్మ మునిసిపాలిటీలో ఊడ్చే పని చేసేది. బొబ్బిలి వైపు మనిషి. పొద్దున్నే ఆ గట్టు మీద చెత్త ఎత్తేది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి ఏం వెతుకుతున్నారని అడిగింది. ఫోన్‌లో బొమ్మ చూపించాను. నవ్వింది. చీపురు పక్కన పెట్టి, నన్ను వంగి నడవమని సైగ చేసి, తుంగ మధ్యకి తీసుకెళ్లింది. అక్కడున్నాయి, రెండు. గూట్లో గుడ్ల మీద మట్టిరంగు పిట్ట, కాస్త దూరంలో ఎర్రమెడ పిట్ట. గూట్లో ఉన్నది పెట్ట అని నేను పెద్ద తెలిసినవాడిలా చెప్పాను.

"పెట్ట కాదు బాబూ, పుంజు. అల్లదిగో, ఆ సోకులది పెట్ట. గుడ్లెట్టేసి ఎల్లిపోద్ది. పదకొండు రోజులై సూస్తన్నాను, ఈ పుంజొక్కడే పొదుగుతున్నాడు."

ఇంటికొచ్చి పుస్తకం తీసి చూస్తే ఆమె చెప్పిందే నిజం. నా చూపు గురించి ఇందాక ఏమన్నానో మీకు గుర్తుండే ఉంటుంది.

ఆ రోజే కొట్లో కూర్చుని మా వాళ్లకు రాసి పంపాను. పదకొండు రోజులు పొంచి ఉండి చూశానని రాశాను. మగపిట్టే పొదుగుతుందని కూడా, నేనే కనిపెట్టినట్టు రాశాను. చూసినవారి పేరు దగ్గర నా పేరు ఒక్కటే. ఆమె పేరు మరచిపోయానా? లేదు. రెండుసార్లు టైపు చేసి రెండుసార్లూ చెరిపేశాను. పిట్ట పేరు తెలిసింది నాకే కదా అనుకున్నాను. ఆమెకు పేరెందుకు అనుకున్నాను. ఊడ్చే మనిషి వచ్చి చూపిస్తే గానీ కనపడలేదంటే ఇరవై ఏళ్ల నా పరువేం కావాలి అనుకున్నాను, అసలు సంగతి అదే, మిగతావన్నీ నాకు నేను చెప్పుకున్న కబుర్లు.

పూడ్చడం ఆగింది. ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ రాసి రక్షిత స్థలమని బోర్డు పెట్టారు. పైన పిట్ట బొమ్మ, దాని కింద నా పేరు. పైడమ్మకు చదువు రాదు. బోర్డు పెట్టిన రోజు కొత్త చీర కట్టుకుని వచ్చింది.

"నా పేరు కూడా ఏసేరా బాబూ?"

"ఏసేరు పైడమ్మా."

"ఏదండీ?"

నా వేలు అన్నిటికన్నా కింది వరస మీదికి పోయింది.

"ఇంత పొడుగుందేటి బాబూ నా పేరు?"

"ఇంటిపేరుతో రాసేరు మరి."

ఆ వరసను చేత్తో తడిమి కళ్లకద్దుకుంది. అక్కడ ఒడియాలో రాసి ఉన్నది, ఇక్కడ చెత్త వేయరాదు అని.

తరవాత ఆమె పని మానేసింది. కానీ బొబ్బిలి నుంచి చుట్టాలెవరొచ్చినా బోర్డు దగ్గరికి తీసుకొస్తుంది. వాళ్లకూ ఒడియా రాదు. మొన్న వానల్లో కొత్త కోడలిని తీసుకొచ్చి, వేలు పెట్టి ఆ వరసే చూపించింది. మెడ నిటారుగా పెట్టుకుని నిలబడింది. అంత నిండైన గర్వం నా మొహంలో ఎప్పుడూ లేదు. చదువొచ్చినవాళ్లు ఎవరూ ఆమెకు నిజం చెప్పలేదా? చెప్పినా నమ్మి ఉండదు. షావుకారు బాబు స్వయంగా చూపించాడు కదా!

ఇప్పుడు బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయాయి. కొత్తది రాసిమ్మని నన్నే అడిగారు. మొదటి వరసలో పైడమ్మ పేరు ఇంటిపేరుతో సహా రాశాను. నా పేరు తీసేశాను. తీసేటప్పుడు చెయ్యి ఆగింది, మీ దగ్గర దాచడమెందుకు, చాలాసేపే ఆగింది.

పేరు ఎక్కడుందో ఆమెకు మళ్లీ చూపించాలి. చూపించాలంటే ఇన్నేళ్లూ కళ్లకద్దుకున్నదేమిటో చెప్పాలి. ఎందుకలా చేశారు బాబూ అని అడిగితే నా పరువు కోసమని చెప్పాలి. క్షమించమని అడిగే మొహం లేదు. కానీ ఇన్నాళ్లూ దాచిన మాట ఇవాళ కాగితం మీదికి వచ్చింది. జయపురం చిత్తడిలో రంగుల ఉల్లంకి గూడును మొదట చూసింది పైడమ్మ. నేను ఆమె వెనకాల వంగి నడిచాను.