మేనత్త వడ్డన

నాకు వరంగల్ యూనివర్సిటీలో సీటు రాగానే ఇంట్లో అందరూ ట్రంకుపెట్టె వెతకడంలో పడ్డారు. భద్రాచలంలో ఆడపిల్లల హాస్టల్లో వంటచేసే మా మేనత్త ఒక్కతే నా ఆకలి గురించి ఆలోచించింది. నోరు తెరిచి అడగడం నాకు చేతకాదని ఆమెకు తెలుసు. ఆ సెలవుల్లో టేకులపల్లిలో మా ఇంటికొచ్చి, రోజూ తనే వడ్డించింది. ఒక్క గరిటె అన్నం పెట్టి, గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

"ఇంకొంచెం..." అని గొణిగేదాన్ని.

"ఇనపడలే."

"ఇంకొంచెం పెట్టు అత్తా!"

"అవ్, గట్ల అడగాలె. మా హాస్టల్ల సిగ్గుపడే పిల్లలు అరకడుపుతోనే లేస్తరు, బిడ్డా."

బస్సెక్కే రోజు మాత్రం నేను అడగకముందే కంచం నింపేసింది.

"చాలత్తా!" అన్నాను, ఆమె నేర్పినంత గట్టిగా.

"ఇనపడలే," అంటూ ఇంకో గరిటె వేసింది.