సత్తయ్య అరచేతి పరీక్ష

పుచ్చకాయ కొనేవాడు వేలితో తట్టి చూస్తాడు. కుండ కొనేవాడు మోగించి చూస్తాడు. ఎద్దును కొనేవాడు ఒకప్పుడు పళ్లు చూసేవాడు. ఇప్పుడు ఆ ఎద్దులూ లేవు, ఆ పళ్లు చదవగలిగినవాళ్లూ లేరు. లాప్‌టాప్‌ను మాత్రం ఏం చేసి చూడాలో ఇస్మాయిల్‌ఖాన్‌పేట సత్తయ్యకు మూడు రోజులుగా అంతుపట్టడం లేదు. చెప్పేవాళ్లు లేక కాదు. చెప్పేవాళ్లు మరీ ఎక్కువై.

సత్తయ్య గడ్డపోతారంలోని ఒక మందుల కంపెనీలో ఇరవై ఆరేళ్లుగా రియాక్టర్ ఆపరేటరు. మనిషి కంటే ఎత్తైన ఉక్కు పాత్రలో సరుకు ఉడుకుతుంటే, పక్కన నిలబడి ఆ వేడి చెయ్యి దాటకుండా చూడటం ఆయన పని. దానికి మీటర్లున్నాయి. అయినా ఆయన ముందు పాత్రకు అరచెయ్యి ఆనిస్తాడు, తరువాతే మీటరు చూస్తాడు. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు నవ్వుతారు. ఏడాది తిరిగేసరికి, ఎవరూ చూడనప్పుడు, వాళ్లూ చెయ్యి ఆనిస్తారు.

ఆయన కూతురు రవళికి పటాన్‌చెరులో ఫ్యాక్టరీల పైపులకు డ్రాయింగులు గీసే ఆఫీసులో పని దొరికింది. సోమవారం నుంచి పదిహేను రోజులు చూసి ఉంచుకుంటారు, లేదా పంపిస్తారు. లాప్‌టాప్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. పెద్ద డ్రాయింగు వాళ్ల కళ్లముందు ఆగిపోయిందా, ఉద్యోగమూ అక్కడే ఆగినట్టు. పోనీ దిట్టమైన యంత్రం కొందామంటే, నిరుడు స్కూటీ మీంచి పడి విరిగిన భుజం అతుక్కుందే గానీ బరువు మోయనివ్వదు. రెండు బస్సులు మారాలి, సగం దారి నిలబడాలి.

శనివారం పొద్దున తండ్రీకూతుళ్లు సంగారెడ్డిలో ముస్తఫా దుకాణానికి వెళ్లారు. ముస్తఫా మొదట లావుపాటిది తీశాడు. రవళి దాన్ని సంచిలో పెట్టి భుజానికి తగిలించుకుని, రెండడుగులు వేసి దించేసింది. మిగిలినవి రెండు, రెండూ పల్చనివే. ఒకటి నల్లటి ప్లాస్టిక్‌ది, ఒకటి బూడిదరంగు లోహానిది. రేటు ఇంచుమించు ఒకటే.

“నల్లదానికి సాయంత్రం దాక ఛార్జింగ్ ఉంటది సత్తన్నా. బూడిదది మధ్యాహ్నానికే ఖతం. గానీ పనిల జోరు.”

“మెమరీ తర్వాత పెంచుకోవచ్చునా అన్నా?” అంది రవళి.

“నల్లదాంట్ల పెంచొచ్చు. బూడిదదాంట్ల అతికేసి ఉంటది.”

“మరి ఏది మంచిది?” అన్నాడు సత్తయ్య.

“రెండూ మంచియే.”

“రెండూ మంచియైతే రెండెందుకు చేసిండ్రు?”

ముస్తఫా తల గోక్కున్నాడు. “పల్చగ చేస్తే వేడి పోనీకి జాగ ఉండదన్నా. వేడెక్కితే దానంతట అదే పని తగ్గించుకుంటది.”

“అంటే మెల్లగైతదా?”

“మెల్లగంటే మెల్లగ కాదు. జెర నిమ్మలం.”

ఈ ఒక్క మాట మాత్రం సత్తయ్యకు అర్థమైంది. రియాక్టరు చుట్టూ తిరిగే చల్లనీళ్లు చాలకపోతే తనూ పైనుంచి పోసే సరుకును చుక్క చుక్కకు తగ్గిస్తాడు. హమ్మయ్య, ఇది మన పనే అనుకున్నాడు. రవళి తెచ్చిన పెద్ద డ్రాయింగును రెండింటిలోనూ తెరిపించి, అరగంట తిప్పుతూ ఉండమన్నాడు. ఆ తరువాత రెండింటి అడుగునా అరచెయ్యి ఆనించాడు. బూడిదది చుర్రుమంది. నల్లది చల్లగా ఉంది.

“నల్లదే తీస్కుందాం బిడ్డా. దీనికి జ్వరం లేదు.”

“దాంట్ల డ్రాయింగు ఆగాగి తిరుగుతున్నది నాయినా.”

“కొత్తది గదా.”

“ఇదేమన్న కొత్త కోడలా నాయినా, అలవాటు కానీకి?”

అప్పటికే ముస్తఫా నల్లదాని డబ్బా దించి, బేరం కుదిరిన సంతోషంలో స్టీలు ఫ్లాస్కు ముందుకు జరిపాడు. సత్తయ్య దాన్ని పట్టుకుంటే చల్లగా తగిలింది. చాయ్ చల్లారిపోయిందనుకుని గ్లాసులో వంపి ఒక్క గుక్క తాగాడు. నాలుక కాలింది.

గ్లాసు కింద పెట్టి, కుడి మణికట్టు మీది పాత మచ్చ వైపు చూసుకున్నాడు. పనిలో చేరిన ఏడాదే, తొడుగు చుట్టిన ఆవిరి పైపును తాకి, చల్లగానే ఉందని పక్కనున్న బోల్టు విప్పిన రోజుది ఆ మచ్చ. ఇరవై ఆరేళ్లుగా ఆ చేతితోనే అన్నం తింటున్నాడు, దాన్నే మరిచిపోయాడు.

“ఆగు భాయ్,” అన్నాడు. ఈసారి రెండింటి పక్కన గాలి బయటికొచ్చే సందుల దగ్గర చెయ్యి పెట్టాడు. బూడిదది వేడిగాలి గట్టిగా కొడుతోంది. నల్లది పడుకున్న పిల్లి ఊపిరిలా వదులుతోంది. వేడిని లోపలే పెట్టుకుని పని తగ్గించుకుంటోంది.

“గట్లయితే చుర్రుమనేదే మంచిదా?” అన్నాడు, ఎవరినని కాదు.

బూడిదది తీసుకుంటామన్నారు. ముస్తఫా దాని ఛార్జరు తీశాడు. ఇటుకంత ఉంది. సత్తయ్య దాన్ని అరచేతిలో ఎగరేసి చూసి కూతురి భుజం వైపు చూశాడు. మళ్లీ మొదటికొచ్చింది.

“అది ఆఫీసులనే పెట్టొస్త,” అంది రవళి.

“పదిహేను దినాలకు వద్దంటే?”

“ఛార్జర్ పెట్టినంక ఎట్ల వెళ్లగొడ్తరు నాయినా?”

సోమవారం సత్తయ్య ఫోను గేటు దగ్గర పెట్టెలో వేసి లోపలికి వెళ్లాడు. ప్లాంటులోకి ఫోను తేనివ్వరు. ఎనిమిది గంటలు ఏ కబురూ లేదు. నల్లదే కొని ఉండాల్సిందా? చల్లగా ఉందంటే చల్లగా ఉన్నట్టా, దాచినట్టా? ఆ రోజు ఆయన మొదటిసారి ముందు మీటరు చూసి, తరువాత చెయ్యి ఆనించాడు. రెండూ ఒకే మాట చెప్పాయి. అయినా నమ్మకం కుదరక మళ్లీ మీటరు చూశాడు.

షిఫ్టు దిగి ఫోను తీస్తే రవళి గొంతు రికార్డు అయి ఉంది.

“నాయినా, డ్రాయింగు ఆగలే. ఫ్యాను మోతకు పక్క సీటాయన వానొచ్చిందని కిటికీ దిక్కు చూసిండు. ఛార్జరు నా బల్ల కిందనే పెట్టొచ్చిన.”

సత్తయ్య కంపెనీ బస్సులో కూర్చుని దాన్ని రెండుసార్లు విన్నాడు. సంతోషం సగం దాకా వచ్చి ఆగింది.

“మరి ఇంట్ల ఛార్జింగ్ ఎట్ల?” అన్నాడు పైకే. పక్కన కూర్చున్న అంజయ్య, తననే అడిగాడనుకుని, తన ఛార్జరు తీసి ఇచ్చాడు. అది ఫోనుది.