కొరమీనుకు ఇచ్చిన మార్కు

2014 జూన్‌లో నన్ను గుడివాడ పక్క బడి నుంచి దివిసీమలో, కరకట్ట వెంబడి ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలకు బదిలీ చేశారు. హోదా సెకండరీ గ్రేడ్ టీచరు. పేరు ఘనంగా వినిపిస్తుంది గాని చెప్పేది ఒకటి నుంచి అయిదు తరగతులకే. నాకు అప్పగించింది పరిసరాల విజ్ఞానం, అంటే చిన్నపిల్లల సైన్సు. టీచర్ ట్రైనింగు తప్ప నేను కాలేజీ గుమ్మం తొక్కలేదు. సైన్సు బందరు గ్రంథాలయం బల్లల మీద మోచేతులు అరగదీసుకుని నేర్చుకున్నదే. అచ్చయిన తప్పులు అక్కడే బోలెడు చూశాను కనుక అచ్చంటే నాకు గౌరవమే గాని భయం లేదు.

ఆ సంవత్సరం అర్ధ సంవత్సర పరీక్షలో అయిదో తరగతికి ఒక ప్రశ్న వచ్చింది. "చేపలన్నీ నీటిలో కరిగిన గాలినే పీల్చి బతుకుతాయి. తప్పా, ఒప్పా?" ప్రశ్నపత్రంతో పాటు సరైన జవాబుల కాగితం కూడా పైనుంచే వస్తుంది. దాన్ని కీ అంటాం. కీలో 'ఒప్పు' అని ఉంది. నాంచారమ్మ అనే పిల్ల 'తప్పు' అని రాసింది. నేను మార్కు వేశాను.

ఎందుకు వేశానో చెప్పాలి. ఆ పాఠమప్పుడు, ఇంటి దగ్గర చేపల్ని చూసి రండని పిల్లలకు చెప్పింది నేనే. నాంచారమ్మ తండ్రి మురుగు కాలవలో మావులు పెడతాడు. మావు అంటే వెదురు పుల్లల బోను. మర్నాడు ఆ పిల్ల వచ్చి, "మా నాన్న మావు మొత్తం ముంచడండీ. కొస పైకి ఉంచుతాడు. ముంచితే కొరమీను ఊపిరాడక చచ్చిపోద్దండి," అంది. వెళ్లి చూశాను. నిజమే. కొరమీనుకు మొప్పలున్నా అవి చాలవు. మాటిమాటికీ పైకొచ్చి మనలాగే గాలి మింగాలి. అందుకే తడిగోనెలో చుట్టినా బందరు బజారు దాకా బతికే వస్తుంది.

దిద్దిన పేపర్లను స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లు నెలకోసారి కూడే చోట, మళ్లీ పరిశీలిస్తారు. అక్కడ ఆ మార్కు పట్టుబడింది. మండల విద్యాధికారి గారు మార్కు కొట్టేయమన్నారు. అంతటితో ఆగితే ఊరుకునేవాణ్నేమో. కీలో ఉన్నదే సరైనదని తరగతిలో కూడా చెప్పమన్నారు.

ఈ సంగతి నాంచారమ్మకు చెబితే ఏడవలేదు. "అయితే రేపట్నుంచి మావు ములిగేట్టు పెట్టమంటారా మేస్టారండీ, మా నాన్నని?" అని అడిగింది. ఆ ప్రశ్నకు కీ లేదు.

తర్వాతి నెల మీటింగు వంతు మా బడిదే. నీళ్ల డ్రమ్ము ఒకటి వరండాలో పెట్టించి, నాంచారమ్మ చేత వాళ్ల నాన్న దగ్గర్నుంచి మావూ, అందులో ఒక కొరమీనూ తెప్పించి, ఆ పిల్లను కూడా పక్కనే ఉండమన్నాను.

"మేస్టారు మీటింగు పెట్టారా, సంత పెట్టారా?" అన్నాడొక టీచరు.

"చింతపండు నానబెట్టమంటారా బాబాయ్ గారూ?" అని ఇంకొకావిడ.

విద్యాధికారి గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మావు కొస నీటిపైన ఉన్నంతసేపూ కొరమీను తాపీగా పైకొచ్చి గుటకేసి దిగింది. తర్వాత మావును పూర్తిగా ముంచి పట్టుకున్నాను. కాసేపు ఏమీ కాలేదు. నవ్వులు వినిపించాయి. ఆ తర్వాత చేప మూతితో పైపుల్లల్ని పొడవడం మొదలుపెట్టింది. పొడుపులు జోరెక్కాయి. నవ్వులు ఆగాయి.

"చాలండీ! చచ్చిపోద్ది, తియ్యండి!" అంటూ నాంచారమ్మ నా చేతుల మధ్య నుంచి మావు లాగేసింది. కొరమీను నోరు తెరిచి గాలి మింగింది.

విద్యాధికారి గారు చెడ్డవారు కారు. నన్ను పక్కకు పిలిచి, "మీరన్నది నిజమే మేస్టారూ. కానీ కీ పైనుంచి వచ్చింది. మార్చే అధికారం నాకు లేదు," అన్నారు.

"ఆ చేపకీ లేదండి," అన్నాను.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. మెమో అంటే, నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పుకోమని పైఅధికారి రాసే కాగితం. పదవీ విరమణకు దగ్గర పడ్డవాడికి అది చిన్న విషయం కాదు. పింఛను కాగితాల దగ్గర అడ్డం పడుతుందని తోటివాళ్లు హెచ్చరించారు. సంజాయిషీలో ఒకటే రాశాను: "నీటిలో ముంచి ఉంచినా బతికే కొరమీనును పంపిస్తే, దాన్ని పిల్లలకు చూపించి మార్కు కొట్టేస్తాను."

చేప రాలేదు. మెమో మాత్రం నా సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. నేను రిటైరైన రోజున కూడా అందులోనే ఉంది. నాంచారమ్మ మార్కు కూడా ఉంది. దాన్ని నేను కొట్టేయలేదు, ఎవరినీ కొట్టేయనివ్వలేదు.

చిన్నపిల్లలకు సైన్సు చెప్పడమంటే చూడమని చెప్పడం. చూడమన్నవాడు వాళ్లు చూసినదాని పక్కన నిలబడాలి. అది చేతకానివాడు ఆ పీరియడులో పిల్లల్ని ఆటలకు వదిలేయడం నయం. కనీసం కాలవ గట్టుకు వెళ్లి వాళ్లే నేర్చుకుంటారు.