బుడ్డిగొట్టం దిగేదాకా

కువైత్‌లోని షువైఖ్ గ్యారేజీలో నాతో పనిచేసిన బ్యాటరీ మేస్త్రి పోయిన మంగళవారం రాయచోటి దగ్గర తన ఊళ్ళో చనిపోయాడు. కూతురు ఫోన్ చేసి, "నాయన పొద్దున్నే పోయినాడు చిన్నాయనా. నీకు చెప్పమని ముందే చెప్పిండె" అంది. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

ఆయన గురించి రాయాలంటే బీరు గురించి రాయాలి. కువైత్‌లో అది నిషేధం. ఆ సంగతి మేస్త్రికీ తెలుసు. దేశం వదిలిపోతూ ఒక ఇంజనీరు ఇచ్చిన గాజు హైడ్రోమీటర్ ఆయన దగ్గర ఉండేది. సన్నటి మెడ, కింద బుడ్డి. మేం బుడ్డిగొట్టం అనేవాళ్ళం. మత్తులేని మాల్ట్ డబ్బాలు, చక్కెర, రొట్టెల ఈస్టు డ్రమ్ములో కలిపి మూతపెట్టేవాడు. తీపి ఉన్నంతకాలం గొట్టం పైకి తేలుతుంది. ఈస్టు తీపిని తినేకొద్దీ కిందికి దిగుతుంది. వరసగా రెండు రోజులు ఒకే అంకె దగ్గర నిలిస్తేనే సీసాల్లో పోయాలి. లేదంటే గాలి పెరిగి సీసా పగులుతుంది.

చూసే ముందు కొంచెం గ్లాసులోకి తీసి, చల్లటి నీళ్ళలో పెట్టి ఊరికే కూర్చునేవాడు. తర్వాత గొట్టాన్ని వేళ్ళతో గిర్రున తిప్పేవాడు, అంటుకున్న బుడగలు వదిలేలా. "వేడి మీద ఏదీ నిజం చెప్పదు రా అబ్బీ" అనేవాడు. మేం కొట్లాడుకున్నప్పుడూ అదే మాట.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైత్ మీదికి వచ్చింది. మాకు వీసా ఇచ్చిన గ్యారేజీ యజమాని, కఫీల్, కుటుంబంతో సౌదీ వెళ్ళిపోయాడు. మూసిన షట్టర్ వెనక నలుగురం మిగిలాం. కాల్పుల చప్పుడు ఎక్కడ వినిపిస్తే సైనికులు అక్కడికి వచ్చేవారు. జోర్డాన్ వైపు పోయే లారీ డ్రైవరొకడు ఆరు సీసాలిస్తే నన్ను ఎక్కించుకుంటానన్నాడు. నాకు ఇంటి ధ్యాస.

"దిగిందా మేస్త్రీ?"

"ఇంగా లే."

"నిన్న గూడా అదే చెప్తివి గదా."

"నిన్న గూడా దిగల్యా మరి. బుడ్డిగొట్టం ఏమన్నా నీ బామ్మర్దా, పిలిస్తే దిగొచ్చేదానికి?"

ఆయన నీళ్ళకు వెళ్ళిన మధ్యాహ్నం నేనే చూశాను. చల్లార్చలేదు. కువైత్ రాకముందు మా ఊరి పాల కేంద్రంలో లాక్టోమీటర్‌తో పాల చిక్కదనం చూసేవాణ్ణి. పాలలో లోపలి మట్టం కనపడదు కాబట్టి, పాలు గొట్టాన్ని అంటుకుని కాస్త పైకెక్కిన అంచు దగ్గరే అంకె చదివేవాళ్ళం. బీరులో ఆ అంచు వదిలేసి కింది మట్టం చూడాలి. పైగా వేడి మీద గొట్టం ఉండాల్సినదానికంటే లోతుకు దిగుతుంది. రెండు తప్పులూ ఒకే వైపు లాగి, గొట్టం పూర్తిగా దిగినట్టు చూపించాయి. అయిపోయిందనుకుని ఆరు సీసాలు నింపి, మూతలు బిగించి, మంచం కింద దాచాను.

రెండో రోజు ఒకటి పేలింది. అచ్చం తుపాకి చప్పుడు. షట్టర్ మీద బూటు తన్నులు పడ్డాయి. ఇద్దరు సైనికులు లోపలికొచ్చి ఎవరు కాల్చారని అరిచారు. మేస్త్రి చేతులెత్తి వచ్చి నా ముందు నిలబడ్డాడు. తడిసిన గాజుపెంకు చూపించి, సీసా తనదేనని, తొందరపడ్డానని అరబ్బీలో చెప్పాడు. తొందరపడటం ఆయన ఎరగని పని. ఆరోజు ఆయన వీపు చాటున ఉన్నాను కాబట్టి ఇవాళ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒక సైనికుడు పెంకు వాసన చూసి నవ్వాడు. తుపాకి మేస్త్రి రొమ్ము మీదనుంచి తీయకుండానే మిగిలినవి ఇమ్మన్నాడు.

"లా" అన్నాడు మేస్త్రి, ఇవ్వనని. ఇంకా కాలేదని, చేతిలో పగులుతాయని, మూడు రోజులాగి రమ్మని చెప్పాడు.

ఆయన పని అయిపోయిందనుకున్నాం. సైనికుడు తుపాకి దించి, మూడు వేళ్ళు చూపించి, రెండోవాణ్ణి తీసుకుని వెళ్ళిపోయాడు.

మేస్త్రి ఒక్కో సీసాకు తడి గోనె చుట్టి, మూత మెల్లగా సడలించి, తిరిగి డ్రమ్ములో పోశాడు. నన్ను తిట్టలేదు. "పాలనుకుంటివి గదరా" అన్నాడు, అంతే.

లారీ నన్ను వదిలేసి పోయింది. కొన్ని వారాల తర్వాత మేస్త్రీ నేనూ ఒకే బస్సులో బయటపడ్డాం.

అంతకుముందే, మేస్త్రి చెప్పిన మూడో రోజున ఆ సైనికుడు ఒక్కడే వచ్చాడు. మేస్త్రి తొందరపడలేదు. చల్లార్చిన గ్లాసును కిటికీ గట్టు మీద పెట్టి, గొట్టాన్ని తిప్పి వదిలి, వంగి కంటిని దాని మట్టానికి దించాడు. సైనికుడు తుపాకి గోడకు ఆనించి ఆయన పక్కనే వంగాడు. ఒక కన్ను మూసుకున్నాడు. గొట్టం ఇంకా తిరుగుతోంది.