కరిగిపోయే కవరు కోసం జంగారెడ్డిగూడెం వెళ్లాను

వేసవి కరెంటు కోతల్లో మా కాలేజీ ల్యాబు ఫ్రిజ్ ఆగిపోయి, నేను పెంచుకుంటున్న బ్యాక్టీరియా మొత్తం బూజు పట్టింది. పామాయిల్ మిల్లు మురుగునీటిలో బతికే రకం అది. తిండి ఎక్కువైతే మనకు కొవ్వు పట్టినట్టు, అది ఒంట్లో ప్లాస్టిక్ దాచుకుంటుంది. మట్టిలో వేస్తే కుళ్లిపోయే ప్లాస్టిక్. "ఈ నెలలో మళ్లీ దొరక్కపోతే టాపిక్ మార్చుకోండమ్మా," అన్నారు మా పీహెచ్‌డీ గైడు. ఆ రోజంతా అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్న ఆరింటికే, ఆ మిల్లున్న ఊరికి రాజమండ్రిలో బస్సెక్కాను.

కొవ్వూరు, దేవరపల్లి, కొయ్యలగూడెం మీదుగా జంగారెడ్డిగూడేనికి దాదాపు మూడు గంటలు. ఒళ్లో ఐసు నింపిన థర్మోకోల్ పెట్టె. దేవరపల్లి చేరేలోపే నాలుగైదుసార్లు మూత తీసి చూసుకున్నాను. "చేపలాండి?" అని అడిగింది పక్కసీటావిడ. "ఖాళీ సీసాలండి," అన్నాను. నమ్మినట్టు లేదు.

బస్టాండు బయట పెసరట్టు తిని, సూరిబాబు అనే ఆయన ఆటో అరవై రూపాయలకు మాట్లాడుకున్నాను. మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు.

"మేనేజరుగారు ఏలూరెళ్లారండి. ఆయన చెప్పకుండా పంపితే నా ఉద్యోగం పోద్ది."

"సీసాడు మురుగునీళ్లేనండి."

"మురుగైనా మిల్లుదేగా అండి."

ఆయన తప్పేమీ లేదు. మేనేజరు వస్తారేమోనని మధ్యాహ్నందాకా గేటు ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ఐసు సగం నీళ్లయింది. చివరికి, వెళ్లకుండా ఆగి ఉన్న సూరిబాబే, "ఈ నీళ్లు పక్క నర్సరీ బోదె కాలవలోకి వదుల్తారండి. అక్కడడుగుదామా?" అన్నాడు.

నర్సరీలో ఆడకూలీలు ఆయిల్‌పామ్ మొక్కల్ని చిన్న కవర్లలోంచి పెద్ద నల్లకవర్లలోకి మారుస్తున్నారు. ఒక్కో కవరూ బ్లేడుతో కోసి తీయాలి. వాళ్ల మేస్త్రి మరియమ్మగారు అడగ్గానే సరేనన్నారు. బోదె వాసనకు కళ్లు మండుతుండగా, అడుగు బురదతో సహా సీసాలు నింపుకున్నాను.

"దీంతో ఏం చేస్తారమ్మా?"

"మట్టిలో కలిసిపోయే కవర్లు చేయాలనండి. కోసి తీయక్కర్లేదు, మొక్కతోపాటే పాతేయొచ్చు."

ఆవిడ చేతిలో బ్లేడు ఆగింది. "కోసే పని లేకపోతే మమ్మల్నెందుకు పిలుస్తారండి?"

కోపంగా అనలేదు, తెలుసుకోవాలనే అడిగారు. "అది ఇప్పుడప్పుడే అయ్యేది కాదండి," అన్నాను ఎటో చూస్తూ. ఆవిడే ఐసు కరిగిపోవడం చూసి, సీసాలకు తడి గోనెపట్టా చుట్టి తాడు కట్టి ఇచ్చారు.

తిరుగు బస్సు కొవ్వూరు వంతెన మీద లారీల వెనక ఇరుక్కుపోయింది. కింద గోదావరి ఉందన్న మాటే గానీ, నా చేయి గోనెపట్టా మీదే ఉంది, ఆరిపోతోందేమోనని. చీకటిపడే వేళకు ల్యాబు చేరి, కాళ్లు కూడా కడుక్కోకుండా ఆ నీటిచుక్కలు పళ్లేల్లో వేశాను. వారం తర్వాత రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, కణాల లోపల ఆవగింజల్లా నల్లటి గుళికలు. ప్లాస్టిక్కే. టాపిక్ మార్చే అవసరం రాలేదు.

మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే, ముందురోజే మిల్లుకు ఫోన్ చేసి మేనేజరు ఉంటారో లేదో కనుక్కోండి.

తర్వాత ఆ ప్లాస్టిక్‌ను గోరంత పొరగా తీసి పూలకుండీలో పాతితే, వానాకాలం పోయేసరికి ఆనవాలు లేదు. కవరుకు సరిపడా మాత్రం ఇంతవరకూ రాలేదు. కవరు తయారైతే బాగుండునని రోజూ అనుకుంటాను. అయిన రోజున మరియమ్మగారికి ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.